రెండో మాత్ర మీద పదకొండు సందేహాలు

"రెండు మాత్రలూ కడుపులో ఒకదానితో ఒకటి పడకపోతేనో, డాక్టరుగారూ?"

ఆవిడ ఇంకా మాత్ర పేరు రాయనేలేదు. చీటీ మీద మా అమ్మాయి పేరు, హిమబిందు అని మాత్రమే రాశారు. ఈలోపే నేను అడిగేశాను. నా పద్ధతే అంత. రాబోయే చెడ్డకి ఎదురెళ్లి ముందే నిలబడకపోతే నాకు ఊపిరాడదు. గ్యాసు కట్టేశానో లేదోనని బస్సు దిగి ఇంటికి పరుగెత్తిన రోజులు ఈ ఏడాదిలోనే నాలుగు. నాలుగుసార్లూ కట్టేసే ఉంది. కట్టేసి ఉందని చూశాక, మరి గొట్టం సంగతేమిటన్న దిగులు మొదలయ్యేది.

డాక్టరు ఇందుమతిగారు నవ్వలేదు, విసుక్కోలేదు. మొదటి మాత్ర దిగులుకనీ, అది మెల్లగా పని చేస్తోందనీ, కొందరికి మనసు కుదుటపడినా నిద్ర మాత్రం వెనకబడుతుందనీ, అలాంటప్పుడు పడుకునే ముందు చిన్న మోతాదులో ఇంకో మాత్ర తోడిస్తారనీ చెప్పారు. రెండూ కలిపి వాడదగ్గవేనని చూసుకునే రాస్తున్నానన్నారు. నెల తర్వాత మళ్లీ చూసి, అక్కర్లేదనిపిస్తే మెల్లగా మాన్పించేస్తానన్నారు. ఎనిమిదో తరగతి చదివిన నాలాంటి దానికి అంతకన్నా తేటగా ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు ధైర్యంగా ఉందా అని ఆవిడ అడిగితే ఉందన్నాను. మెట్లు దిగేసరికి లేదు.

మా అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు. ఓ చిన్న బళ్లో లెక్కలు చెప్పేది. మాఘమాసంలో ఉన్నట్టుండి బడి మానేసింది, తల దువ్వుకోవడం మానేసింది, మాట మానేసింది. గోడకేసి తిరిగి కూర్చునేది. ఎవరూ ఏమీ అనలేదు, ఏదీ జరగలేదు. కారణం లేకపోవడమే నాకు మరీ భయం. మొదటి మాత్ర మొదలెట్టిన ఆరు వారాలకి తనంతట తాను తలస్నానం చేసింది. వాళ్ల నాన్న చొక్కా తిరగేసి తొడుక్కుంటే నవ్వింది. నేను వంటింట్లోకెళ్లి ఏడ్చి, కళ్లు తుడుచుకుని, ఈ నవ్వు కూడా జబ్బులో భాగమేమోనని ఇంకో పది నిమిషాలు ఏడ్చాను. కానీ నిద్ర మాత్రం రాలేదు. తెల్లవారుజామున ఐదింటికి కన్ను మూస్తే ఏడు కాకుండానే లేచేస్తుంది. కళ్ల కింద బొగ్గు రాసినట్టు ఉండేది. నిద్ర లేక అది మళ్లీ గోడకేసి తిరుగుతుందేమోనన్నదే నా అసలు భయం. మిగతావన్నీ దాని పిల్లలు.

మా ఆయన సూర్యచంద్రరావు రాష్ట్ర నవారు, తాళ్ల సంస్థలో తూకం గుమాస్తా. రాష్ట్రంలో జనం పడుకునే మంచాలకి నవారు నేసేది ఈ సంస్థే. గేటు మీద 'రాష్ట్రమంతా హాయిగా నిద్రించు గాక, మా నవారుపై' అని ఇనుప అక్షరాలతో రాసి ఉంటుంది. ఉద్యోగుల కుటుంబాలకి ఆవరణలోనే చిన్న ఆస్పత్రి, మందుల కౌంటరు ఉన్నాయి. ఇందుమతిగారు నెలకి రెండు గురువారాలు పట్నం నుంచి వచ్చి చూసి వెళతారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సంస్థకి కొత్త ఊపొచ్చింది. మేనేజింగ్ డైరెక్టరుగారు ఏదో కొండ ఊళ్లో మూడు రోజుల శిక్షణకెళ్లి, ఒక శాలువాతోనూ ఒక నినాదంతోనూ తిరిగొచ్చారు. 'సందేహం సున్నా, సేవ సంపూర్ణం.' దాని అర్థమేమిటంటే, సేవ అందుకునేవాళ్ల మనసులో ఒక్క సందేహం మిగిలి ఉన్నా సేవ అందించకూడదు. ముందు సందేహం తీర్చాలి, తీరినట్టు రాసుకోవాలి, ఆ తర్వాతే సేవ. ఆస్పత్రి గుమ్మానికి కట్టిన బ్యానరు చదివి నేను చాలా సంతోషించాను. నాలాంటి వాళ్లని ఇన్నాళ్లకి ఒకరు పట్టించుకున్నారనుకున్నాను.

మందుల కౌంటరులో ఉండే మస్తాన్‌వలి చీటీ చూసి, ఒకే మనిషికి రెండో మాత్ర అంటే పైన భావనారాయణగారి సంతకం కావాలన్నాడు. అది ఊరికే లాంఛనమనీ, ఆయన చూడకుండానే పెట్టేస్తారనీ, పది నిమిషాల్లో దిగొచ్చేయమనీ చెప్పాడు. ఆ పది నిమిషాలు ముప్ఫై ఏడు రోజులు పట్టాయి.

భావనారాయణగారు వైద్య సంక్షేమ విభాగానికి సహాయ పరిపాలనాధికారి. అంతకుముందు ఇరవై రెండేళ్లు తాళ్ల విభాగంలో ఉన్నారు. మస్తాన్‌వలి చెప్పినట్టే చీటీ వంక చూడకుండా సంతకానికి చోటు వెతుక్కున్నారు. కలం కాగితానికి ఆనింది కూడా. అమ్మాయి నా పక్కన కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుంది. నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు.

"రెండూ కడుపులో ఒకదానితో ఒకటి పడతాయంటారా, సార్?" అన్నాను.

ఆయన కలానికి మూత పెట్టారు. నా వంక చూసిన చూపులో కోపం లేదు. ఎన్నాళ్లనుంచో ఎదురుచూస్తున్న చుట్టం గుమ్మంలోకి వచ్చినట్టు చూశారు. ఉద్యమం మొదలై మూడు వారాలైనా సందేహాల రిజిస్టరులో ఒక్క సందేహమూ నమోదు కాలేదట. పై నుంచి ఫోన్ల మీద ఫోన్లట. పక్కనున్న రవాణా విభాగంలో అప్పటికే ఆరు సందేహాలొచ్చాయట.

"తమరి సందేహం స్వీకరించబడినది," అన్నారు లేచి నిలబడి. "క్రమ సంఖ్య ఒకటి. నివృత్తి అయ్యే పర్యంతం సదరు మాత్ర పంపిణీ నిలుపుదల చేయబడుతుంది."

అబ్బే, డాక్టరుగారు చెప్పారండి, నాకర్థమైందండి, ఊరికే అడిగానండి అన్నాను. ఊరికే అడిగిన సందేహమూ సందేహమేనన్నారు. డాక్టరుగారు చెప్పాక కూడా మిగిలి ఉందంటే అది గట్టి సందేహమన్నారు. అసలు చీటీని ఫైలుకి జతచేసి, దారంతో కుట్టించారు. తాళ్ల విభాగం నుంచి వచ్చిన మనిషి కదా, ఆ కుట్టు విప్పడం ఎవరి తరమూ కాదు.

బయట కొనుక్కోవచ్చు కదా అని మీరంటారు. మేమూ అనుకున్నాం. చీటీ లేకుండా ఆ మాత్ర ఏ దుకాణంలోనూ ఇవ్వరు. తర్వాతి గురువారం ఇందుమతిగారు ఇంకో చీటీ రాసిచ్చారు. ఈసారి మందుల దుకాణం గుమ్మం దాకా వెళ్లాం. అక్కడ మా ఆయన ఆగిపోయాడు. ఫైలు నడుస్తుండగా బయట కొంటే కుటుంబం పథకం నుంచి తప్పుకున్నట్టే లెక్క అని నిబంధనల పుస్తకంలో ఉందట. మొదటి మాత్ర కూడా ఆగిపోతుందట. రెండో దాని కోసం వెళ్లి మొదటిదీ పోగొట్టుకోమా అన్నాను. తిరిగొచ్చేశాం. ఆ రెండో చీటీని కూడా భావనారాయణగారు మర్యాదగా అడిగి తీసుకుని, నకలు అని ముద్రవేసి కుట్టించారు.

మొదటి సందేహాన్ని నాణ్యతా పరీక్షల విభాగానికి పంపారు. వాళ్లకి తెలిసిన పరీక్ష ఒక్కటే. రెండు రకాల నూలు కలిపి నవారు నేసే ముందు, రెంటినీ తడిపి తెల్లబట్టలో చుట్టి, ఇటుక కింద ఒక రోజు పెట్టి, ఒకదాని రంగు ఇంకోదానికి దిగిందేమో చూస్తారు. మాత్రల్నీ అలాగే చుట్టి పెట్టారు. మర్నాడు విప్పితే గులాబి రంగు రెండో మాత్ర, తెల్లగా ఉండే మొదటిదానికి అంటుకుని ఉంది. నివేదిక వచ్చింది. నేను కూడబలుక్కుని చదివాను. 'గులాబి మాత్ర రంగు వదులుచున్నది. తెల్ల మాత్ర వదులుట లేదు. కనుక దోషము ఏకపక్షము. తెగుబలము, లాగి చూడగా, సంతృప్తికరము. రెంటి మధ్య కనీసము అరగంట వ్యవధి పాటించవలెను.'

ఒకటి పొద్దున్నా ఒకటి రాత్రీ వేసుకునేవి కదండీ, అన్నాను. అయితే నివేదికను తమరు ముందుగానే పాటిస్తున్నారని మెచ్చుకుని, మొదటి సందేహం తీరినట్టు నా చేత సంతకం పెట్టించుకున్నారు. సంతకం పెడుతూ పెడుతూ నేను తల ఎత్తాను. ఏం చెయ్యను, నాలుక నా మాట వినదు. "ఇది వేసుకున్నాక పొద్దున్నే లేస్తుందంటారా?" అన్నాను.

సందేహం రెండు.

దానికి కమిటీ వేశారు. లేవకపోతే ఎవరు బాధ్యులన్నది అంత తేలిక ప్రశ్న కాదన్నారు. సంస్థలో ఏ యంత్రాన్ని కొత్తగా బిగించినా ముందు ఖాళీగా నడిపి చూస్తారు. అదే పద్ధతిలో, మాత్ర ఇవ్వకముందే మేలుకొలుపు ఏర్పాటు నడిపి చూడాలని తీర్మానించారు. రాత్రి డ్యూటీ వాచ్‌మన్ అప్పలస్వామికి బాధ్యత అప్పగించారు. తెల్లారి డ్యూటీ దిగి ఇంటికెళుతూ అయిదున్నరకి మా తలుపు తట్టాలి. అమ్మాయి లేచినట్టు రిజిస్టరులో అమ్మాయి చేతే సంతకం పెట్టించుకోవాలి. ఇంకా రాని నిద్ర నుంచి లేపడానికి మనిషిని పెట్టిన సంస్థ రాష్ట్రంలో ఇదొక్కటే అయి ఉంటుంది.

మొదటి మూడు రోజులూ అమ్మాయికి ఇదే తంతు. ఐదింటికి పట్టిన కునుకు, అయిదున్నరకి తట్టిన తలుపు. లేచొచ్చి, సమయం రాసి, సంతకం పెట్టి, వెళ్లి గోడకి చేరగిలబడేది. నాలుగో రోజు ఎందుకో నాలుగింటికే నిద్రపట్టేసింది. నోరు కొంచెం తెరుచుకుని చిన్నపిల్లలా పడుకుంది. నేను వీధిలోకెళ్లి అప్పలస్వామికి అడ్డం నిలబడ్డాను. కాళ్లు పట్టుకుంటా బాబూ, ఇవాళ్టికి వదిలెయ్యి, ఆ సంతకమేదో నేను పెడతానన్నాను.

అప్పలస్వామి చెప్పులు విడిచి మెట్టు కిందే ఆగిపోయాడు. అతనికీ ఇద్దరు ఆడపిల్లలు.

"నాకు మాత్రం లేపాలనుంటదాండి?" అన్నాడు గుసగుసగా. "నిన్న పాప సంతకం వంకరగా ఉందని మెమో ఇచ్చేరండి. సరిగ్గా లెగలేదంట."

ఇద్దరం గొంతు తగ్గించే మాట్లాడుకున్నాం. అయినా లోపల మంచం కిర్రుమంది. అమ్మాయి జుట్టు ముడేసుకుంటూ వచ్చి, అతని చేతిలోంచి రిజిస్టరు తీసుకుని, గీత మీద పెట్టినట్టు తిన్నగా సంతకం పెట్టింది. బళ్లో పిల్లల పుస్తకాలు దిద్ది పెట్టేటప్పటి సంతకం. నావంక చూడకుండా లోపలికెళ్లింది. ఆ పగలంతా గోడకేసి తిరిగే కూర్చుంది.

నేను నేరుగా భావనారాయణగారి దగ్గరికెళ్లి ఈ లేపుడు ఆపమన్నాను. రెండో సందేహం వెనక్కి తీసుకుంటున్నానన్నాను. సందేహం వెనక్కి తీసుకోవడానికి ఫారం లేదట. సందేహం తీరాలి తప్ప పోకూడదట. పోయిన సందేహం మళ్లీ వస్తుందని శిక్షణలో చెప్పారట. అయితే ఏర్పాటు విజయవంతంగా నడుస్తోంది కాబట్టి ఇంకో మూడు రోజుల్లో అది తీరినట్టే అన్నారు. నేను కుదుటపడి లేస్తూ, "అలవాటైపోదు కదండీ ఇది?" అన్నాను. లేపడం గురించి అన్నాను. ఆయన మాత్ర గురించి రాసుకున్నారు. ఆ సంగతి చెప్పబోయి, మాత్ర అలవాటైపోతేనో అని నిజంగానే భయమేసి ఊరుకున్నాను.

అలా మూడోదీ. దాని మీద అలవాట్ల ఉపసంఘం కూర్చుంది. సభ్యులు ముందు తమ అలవాట్ల మీద అవగాహన తెచ్చుకోవాలని ఒక రోజంతా టీ మానేసి చూశారు. మధ్యాహ్నం మూడింటికి ఇద్దరు అరుచుకున్నారు, ఒకాయన తలనొప్పితో సెలవు పెట్టాడు. ఇది చాలా లోతైన విషయమనీ, తొందరపడరాదనీ తేల్చారు. ఇందుమతిగారికి ఉత్తరం రాశారు. ఆవిడ ఒక్క వాక్యంలో జవాబిచ్చారు. 'ఆ అమ్మాయికి నిద్ర కావాలి, దయచేసి మందు ఇవ్వండి.' అడిగిన ప్రశ్నకూ జవాబుకూ పొంతన లేదని ఆ కాగితాన్నీ కుట్టేశారు.

నాలుగో సందేహం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రెండోది వచ్చింది కదా అని మొదటి మాత్ర పని తగ్గించేస్తుందేమో అన్నాను. ఇంట్లో కొత్త కోడలొస్తే పెద్ద కోడలు ఎలా ఉంటుందో చూసిన మనిషిని, నాకలాగే తోచింది. భావనారాయణగారు ఎంత సంబరపడ్డారో. ఇది సిబ్బంది విభాగం పరిధిలోకి వస్తుందన్నారు. వాళ్లు పాత ఉత్తర్వులు తిరగేసి, తెల్ల మాత్ర సీనియారిటీకి భంగం కలగకుండా గులాబి మాత్రను తాత్కాలిక సహాయక మాత్రగా పరిగణించాలనీ, ఎట్టి పరిస్థితుల్లోనూ క్రమబద్ధీకరణ కోరరాదనీ రాశారు. కార్మిక సంఘం ఊరుకోలేదు. ఒక పోస్టులో ఇద్దర్ని పెట్టడం దుష్ట సంప్రదాయమని గేటు దగ్గర పావుగంట నినాదాలిచ్చారు. మా ఆయన తూకాల గదిలోంచి చూస్తూ, ఎటువైపు నిలబడాలో తెలియక భోజనం డబ్బా తెరిచాడట.

ఐదూ ఆరూ ఏడూ కూడా ఇలాంటివే. అప్పటికి రిజిస్టరులో ఉన్న సందేహాలన్నీ నావే. నన్ను చూస్తే ఆఫీసులో కుర్చీ వేసేవారు. నేను గుమ్మంలోకి రాగానే గుమాస్తా కలం తీసేవాడు. పై నుంచి అభినందన పత్రం కూడా వచ్చిందట, లబ్ధిదారులు మనసు విప్పి మాట్లాడే వాతావరణం కల్పించినందుకు. ఏడో సందేహం దాకా నాకే ఏదో ఒక మూల కొంచెం గర్వంగా ఉండేదని ఒప్పుకుంటాను. పెళ్లయిన పాతికేళ్లలో నా భయాల్ని ఇంత శ్రద్ధగా రాసుకున్నవాళ్లు లేరు. మా ఆయనైతే నేను నోరు తెరవగానే రేడియో పెట్టేవాడు.

ఎనిమిదోది మాత్ర గొంతుకడ్డం పడితేనో అన్నది. తొమ్మిదోది కలల గురించి. పదోది నాకు గుర్తు లేదు, రిజిస్టరులో ఉంటుంది. పదకొండోది, ఇవన్నీ తీరేసరికి ఆలస్యమైపోతుందేమో అన్నది. దాన్ని కూడా నమోదు చేసి, ఆలస్యం మీద అధ్యయనానికి ఆరు వారాలు గడువిచ్చారు.

ఆ రోజు కిందికి దిగి కౌంటరు ముందు బల్ల మీద కూలబడ్డాను. మస్తాన్‌వలి వరసలో ఉన్నవాళ్లకి మందులిస్తున్నాడు. ఓ ముసలాయన మోకాళ్ల బిళ్లలు తీసుకుని వెళ్లాడు. ఒకావిడ షుగరు మందు తీసుకుని వెళ్లింది. ప్రతివాళ్లనీ మస్తాన్‌వలి సందేహమేమైనా ఉందా అని అడుగుతున్నాడు, ప్రతివాళ్లూ లేదంటున్నారు, అతను టిక్కు పెడుతున్నాడు. అంతా చూసి, వీళ్లెంత ధైర్యవంతులు బాబూ, నాకే దేవుడు ఇన్ని భయాలిచ్చాడన్నాను.

అతను అద్దం కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"అక్కా, ఆ షుగరావిడ నిన్న నా ఇంటికొచ్చి గంట సేపు ఏడ్చింది, కాలు తీసేస్తారేమోనని," అన్నాడు. "ముసలాయన బిళ్ల కొరికి సగమే మింగుతాడు, గుండె ఆగుద్దని. భయం లేనోళ్లెవరూ మందుల కొట్టుకి రారు. ఇక్కడ చెప్పరంతే."

మరి ఎక్కడ చెబుతారని అడిగాను. డాక్టరమ్మకి చెబుతారు, పక్కింటోళ్లకి చెబుతారు, దేవుడికి చెబుతారు, రిజిస్టరుకి మాత్రం చెప్పరన్నాడు.

ఇంటికి నడిచి వెళుతుంటే అమ్మాయి నాతోనే ఉంది. ఆ వారం అది మాట్లాడినవి నాలుగు మాటలుంటాయేమో. రైలు గేటు పడితే ఆగాం. గూడ్సు బండి చాలా పొడుగ్గా ఉంది. పెట్టెలు లెక్కపెడుతున్నట్టు అటే చూస్తూ అంది.

"అమ్మా, నిద్ర పట్టక పడుకునుంటాను కదా. నువ్వు వచ్చి తలుపు సందులోంచి చూస్తావు. నువ్వు చూస్తున్నావని తెలిసి నిద్రపోయినట్టు నటిస్తాను. నువ్వెళ్లాక, నువ్వు పడుకున్నావో లేదోనని నేను భయపడతాను." బండి పోయాక గేటు లేచింది. అది నడక మొదలుపెట్టి, "ఆ మాత్ర ఇవ్వనీ అమ్మా," అంది. "నాకు నిద్ర కావాలి."

నేను ఏదో అనబోయాను. ఏమనబోయానో చెప్పనక్కర్లేదు. నా నాలుక చివర పన్నెండో నంబరు సిద్ధంగా ఉంది. పళ్లతో పట్టుకుని ఆపాను.

మర్నాటి నుంచి వారం రోజులు నేను ఆఫీసుకెళ్లి మౌనంగా కూర్చున్నాను. గుమాస్తా ఏమ్మా, కొత్తవేమీ లేవా అంటే తల అడ్డంగా ఊపేదాన్ని. ఆలస్యం మీద అధ్యయనం ఏమయిందంటే, కొత్త సందేహాలు రాకపోవడం వల్ల పై నుంచి ఒత్తిడి మొదలైంది. తీసుకున్నవి ఎక్కువ, తీర్చినవి తక్కువ అని రవాణా విభాగం వాళ్లు దెప్పారట. దాంతో ఉన్నవన్నీ ఒక్క రోజునే తీర్చెయ్యాలని నిశ్చయించారు. శుక్రవారం పదకొండింటికి సంపూర్ణ సందేహ నివృత్తి సభ అని కబురొచ్చింది. అమ్మాయితో సహా రావాలన్నారు.

సమావేశాల గదిలో బల్ల మీద పచ్చని బట్ట పరిచారు. దాని మధ్య స్టీలు పళ్లెంలో గులాబి మాత్రల అట్ట పెట్టి, పక్కన బంతిపువ్వు పెట్టారు. ఫొటోలు తీసే అతను కుర్చీ ఎక్కి నిలబడి ఉన్నాడు. భావనారాయణగారు కొత్త చొక్కా వేసుకొచ్చారు. ఉపసంఘాల వాళ్లందరూ కలిసి తొమ్మిది మంది. టీలు వచ్చాయి. నాకూ అమ్మాయికీ ఎదురుగా రెండు కుర్చీలు వేశారు. మా ఆయనకి తూకాల గది నుంచి సెలవు దొరకలేదు.

భావనారాయణగారు నిలబడి ఒక్కొక్కటే చదివారు. "క్రమ సంఖ్య నాలుగు, మాత్రల పరస్పర సీనియారిటీ విషయం. సానుకూలంగా పరిష్కరించబడినది. క్రమ సంఖ్య తొమ్మిది, స్వప్నముల విషయం. సంస్థ పరిధికి వెలుపలిది అయినందున పరిష్కరించబడినట్లు భావించబడినది." ఒక్కోదానికీ గుమాస్తా ఎర్ర సిరాతో గీత కొట్టాడు. పదకొండోది ఆలస్యం. నేటితో ఆలస్యం ముగిసినందున తీరిపోయినట్టేనన్నారు. తొమ్మిది మందీ చప్పట్లు కొట్టారు.

"ఇక తుది ఘట్టం," అన్నారు ఆయన. "నియమం ప్రకారం లబ్ధిదారు తల్లిని మూడు పర్యాయములు అడగవలసి ఉన్నది. అమ్మా కనకరత్నం గారూ, తమకు ఇంకనూ సందేహమేమైనా మిగిలి ఉన్నదా?"

ఆయన మంచి మనిషే. నిజంగానే అడిగారు. ఉంటే చెబుతుందేమోనన్న ఆశ ఆయన ముఖంలో అణుమాత్రం కదిలింది.

నేను పళ్లెం వంక చూశాను. అట్ట మూల కత్తిరించి ఉంది. మందుకి గడువు తారీఖు రాసి ఉండేది ఆ మూలే. ఎందుకు కత్తిరించారు? ముప్ఫై ఏడు రోజుల కిందట తెచ్చిందా, అంతకుముందుదా? ఇటుక కింద పెట్టి తీసిందా? ఒకటి లెక్క తగ్గినట్టుందే? మస్తాన్‌వలిని అడిగితే వేరే అట్ట ఇస్తాడు. ఇవ్వకపోతే? ఇందుమతిగారికి ఫోను చేస్తే ఎత్తుతారు. ఎత్తకపోతే? ఇవాళ రాత్రి అమ్మాయి ఇది మింగాక నేను దాని గదిలోకి వెళ్లకుండా ఉండగలనా? ఊపిరి చూడకుండా? ఒక్కసారి తలుపు సందులోంచి చూస్తే ఏమవుతుంది?

"రెండవ పర్యాయము," అన్నారు భావనారాయణగారు. "సందేహమేమైనా ఉన్నదా?"

గుమాస్తా కొత్త గీత గీసి పన్నెండు అంకె వేసుకుని కలం ఎత్తి పట్టుకున్నాడు. ఫొటో అతను ఒంటి కాలి మీద బరువు మార్చుకున్నాడు. తొమ్మిది మంది ముందూ టీ మీద మీగడ కట్టింది. నాణ్యతా విభాగం ఆయన నా నోటి వంకే చూస్తున్నాడు. పైన ఫ్యాను చప్పుడు చేస్తూ తిరుగుతోంది. ఆ చప్పుడుకి ఫ్యాను ఊడిపడేలా ఉందే అనిపించింది నాకు. దేవుడా, ఈ గదిలో నేను కూర్చున్న చోటు దాని కిందే.

అమ్మాయి నా వంక చూడలేదు. బతిమాలలేదు. చెయ్యి పట్టుకోలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని, ఎర్రబడ్డ కళ్లతో పళ్లెంలో అట్టకేసి చూస్తోంది, బస్సు వస్తుందో రాదో తెలియని మనిషి రోడ్డుకేసి చూసినట్టు.

"మూడవ పర్యాయము," అన్నారు ఆయన. అని ఆగారు. చేతి గడియారం చూసుకున్నారు. రిజిస్టరు చూసుకున్నారు. నా పెదాలు కదిలాయి, మూసుకున్నాయి. "అమ్మా, తమరి మౌనాన్ని ఏమని నమోదు చెయ్యమంటారు? సందేహం ఉన్నట్టా, లేనట్టా?"

ఒకటి, రెండు అని మనసులో అంకెలు లెక్కపెట్టాను. ఇరవై దాకా వచ్చాయి, ఇంకా వస్తూనే ఉన్నాయి. అన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి మింగాను. చెమటకి రవిక వీపుకి అంటుకుపోయింది.

"లేదని రాసుకోండి," అన్నాను.